వేషం కట్టిన చేతిలోనే గల్లా పెట్టె
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సావనీర్ కమిటీ మిత్రులు ఫోన్ చేసి, "పావుగంట మాట్లాడాలి, విషయం నీ ఇష్టం" అన్నారు. ఇంజనీరును కాబట్టి ఏ వంతెనల గురించో, పిల్లలకు ఏ కోర్సులు మంచివో చెప్తానని అనుకొని ఉంటారు. నేను నాటకాల సంగతి ఎత్తుకుంటున్నాను. దానికి కారణం ఉంది. స్వర్ణోత్సవం గుర్తుగా బడి ఆవరణలో ఒక రంగస్థలం కట్టాలని మన సంఘం తీర్మానం చేసింది. కొలతలు, అంచనాలు నన్ను చూడమన్నారు. సిమెంటు, ఇసుక, రేకుల లెక్క నాకు ఎట్లాగూ వస్తుంది. స్టేజీ కట్టినాక దాన్ని ఎవరు నడుపుతారు అన్నది మాత్రం ఏ అంచనా పత్రంలోనూ ఉండదు. ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోతే నాకు ఒక పేరు తగిలింది. దాసరి కోటిరత్నం.

ఈ పేరు మనలో చాలామంది విని ఉండరు. తెలుగు సినిమాకు తొలి మహిళా నిర్మాత ఆవిడ. అంతకన్నా ముందు స్టేజీ నటి. అంతకన్నా ముఖ్యంగా, సొంతంగా నాటక సమాజం పెట్టి నడిపిన మనిషి.

ఆవిడ చేసిన పని ఎంత పెద్దదో తెలియాలంటే అప్పటి స్టేజీ ఎట్లా ఉండేదో కొంచెం చెప్పుకోవాలి. 1880లో కందుకూరి వీరేశలింగం గారు రాజమండ్రిలో తమ విద్యార్థులతో నాటకం ఆడించారు. మన ఆధునిక నాటకం అక్కడి నుంచి మొదలైందంటారు. వేషాలన్నీ మగవాళ్లవే. ఆ తర్వాత చాలా దశాబ్దాల పాటు అదే పద్ధతి. స్థానం నరసింహారావు గారు సత్యభామ వేషం కడితే చీర కట్టు చూసి నేర్చుకోవడానికి ఆడవాళ్లు వచ్చేవాళ్లని చెప్పుకుంటారు. 1956లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఆయన గొప్ప నటులు, అందులో సందేహం లేదు. మన గోండు గూడేల్లో కూడా దీపావళికి దండారి కదిలితే గుస్సాడీల వెంట ఆడవేషం కట్టిన మగపిల్లలు ఆడతారు. ఆడవేషం మగవాళ్లు కట్టడం మనకు కొత్త కాదు, తప్పూ కాదు. కాకపోతే తెలుగు స్టేజీ మీద ఆడవాళ్లకు చోటు లేకుండా చేసింది కళ కాదు, లోకం మాట. స్టేజీ ఎక్కిన ఆడదాన్ని సంసారి అని ఎవరూ అనేవాళ్లు కాదు.

ఈ కట్టును ముందుగా తెంచింది సురభి వాళ్లు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు కీచక వధ ఆడించారు. వాళ్లది కుటుంబ నాటకం. ఇంట్లో ఆడవాళ్లే ఆడ పాత్రలు వేశారు, పిల్లలు కృష్ణుడు, ప్రహ్లాదుడు, లోహితాస్యుడు అయ్యారు. సురభి కమలాబాయి గారి తల్లికి స్టేజీ మీద వేషంలో ఉండగానే నొప్పులు వచ్చాయనీ, ఆమె అక్కడే పుట్టిందనీ చెప్తారు. ఆ కమలాబాయే 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదలో లీలావతి. మనకు ఇంకా సులువుగా గుర్తుకు రావాలంటే, పాతాళ భైరవిలో తోట రాముడి తల్లి ఆవిడే.

సురభి నాటకం నేను హైదరాబాదులో చూశాను. నాకు పాటల కన్నా కప్పీలు, తాళ్లు ఎక్కువ కనిపించాయి, ఇంజనీరు కళ్లు కదా. నారదుడు మబ్బుల్లో నుంచి దిగుతాడు, బాణం బాణం గాలిలో కొట్టుకుంటాయి, ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతట అవే ఎగిరి పోతాయి. ఇదంతా సన్నటి తీగల మీద, చేతి బలం మీద, లెక్క తప్పని సమయం మీద నడుస్తుంది. తాడు లాగే మనిషి ఒక్క క్షణం ఆలస్యం చేస్తే నారదుడు నవ్వులపాలు అవుతాడు. ప్రేక్షకుడికి కనిపించేది నారదుడు. ఆట నిలబెట్టేది తాడు పట్టిన మనిషి.

ఇక కోటిరత్నం గారి దగ్గరికి వస్తాను. గుంటూరు ప్రాంతంలో 1910లో పుట్టారు. సంగీతం, నాట్యం నేర్చుకొని, పదేళ్లు నిండకముందే స్టేజీ ఎక్కారు. ఆడ పాత్రలే కాకుండా మగ పాత్రలు కూడా వేశారు. మగవాళ్లు ఆడవేషం కడుతున్న కాలంలో ఈవిడ మగవేషం కట్టి పద్యం పాడి మెప్పించారు. అక్కడితో ఆగి ఉంటే మంచి నటి అనిపించుకొని పోయేవారు. ఆవిడ అక్కడ ఆగకుండా సొంత సమాజం నడిపారు.

సమాజం నడపడం అంటే ఏమిటో ఈ కాలం పిల్లలకు చెప్పాలి. ఊరు చూసుకోవాలి, ఆ ఊళ్లో హాలు మాట్లాడుకోవాలి, లేకపోతే పందిరి వేయించాలి. అధికారుల దగ్గర అనుమతి తెచ్చుకోవాలి. గోడలకు పోస్టర్లు, వీధుల్లో దండోరా. నటులకు ముందే బయానా ఇవ్వాలి, హార్మోనియం వాయించే ఆయనకు వేరేగా. కిరీటాలు, చీరలు, తెరలు పెట్టెల్లో సర్ది రైలు ఎక్కించాలి. కరెంటు లేని ఊరైతే పెట్రోమాక్స్ దీపాలు. ముప్పై, నలభై మందికి మూడు పూటలా అన్నం. ముఖ్య వేషధారికి జ్వరం వస్తే ఆ పాత్ర వచ్చిన ఇంకొకరు తయారుగా ఉండాలి. ఇంత చేసినాక సాయంత్రం వాన కొడితే నేల టికెట్టు నుంచి కుర్చీ టికెట్టు దాకా అన్నీ పోయినట్టే. డబ్బు రాకపోయినా మరునాడు పొయ్యి వెలగాలి.

ఆ రోజుల్లో కాంట్రాక్టు నాటకాలు జోరుగా నడిచేవి. ఒక కాంట్రాక్టరు పేరున్న నటులను ఒక్క రాత్రికి మాట్లాడుకొని తెచ్చి, టికెట్లు అమ్ముకునేవాడు. ఆట బాగా పోతే లాభం కాంట్రాక్టరుది. నటికి దక్కేది ముందు మాట్లాడుకున్న కూలి. ఎంత పేరున్న నటి అయినా ఏ ఊళ్లో ఆడాలి, ఏ వేషం కట్టాలి, పక్కన ఎవరు ఉండాలి అన్నది ఆమె చేతిలో ఉండదు. కోటిరత్నం గారు ఈ వరసను తిరగేశారు. వేషం కట్టిన చేతిలోనే గల్లా పెట్టె తాళంచెవి కూడా ఉంది. లాభం వస్తే ఆమెది, నష్టం వచ్చినా ఆమెదే. ఆమెను మార్గదర్శి అని నేను అంటే అది ఈ తాళంచెవిని చూసి.

తర్వాత టాకీలు వచ్చాయి. ఊళ్లలో నాటకం చూసే జనం మెల్లమెల్లగా సినిమా హాళ్లకు మళ్లారు. చాలా సమాజాలు మూతపడ్డాయి. కోటిరత్నం గారు కొత్త యంత్రాన్ని చూసి వెనక్కి తగ్గలేదు. 1935లో సతీ సక్కుబాయి సినిమా నిర్మాణానికి పూనుకొని, సక్కుబాయి పాత్ర కూడా తానే వేశారు. అప్పటికి ఆవిడ వయసు పాతికేళ్లు. ఆంధ్రదేశంలో తొలి స్టూడియో, రాజమండ్రిలో నిడమర్తి సూరయ్య గారు కట్టిన దుర్గా సినీటోన్, 1936 నాటి మాట. అంతకు ముందు చాలా తెలుగు సినిమాలు తీయడానికి బొంబాయో, కలకత్తానో, కొల్హాపురో పోయేవాళ్లు. ఈ సినిమా కలకత్తాలో తయారైంది. నేపథ్య గానం లేని రోజులు. నటించేవాళ్లే కెమెరా ముందు పాడాలి. అందుకే స్టేజీ మీద గొంతు తేలినవాళ్లకే అప్పటి సినిమాలో అన్నం. తెలుగు రాని ఊళ్లో, మనుషులందరి బాధ్యత మోస్తూ, తానే పాడుతూ, తానే నటిస్తూ ఆ పని పూర్తి చేశారు.

సక్కుబాయి కథ మన వైపు వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఆషాఢ ఏకాదశికి పండరిపురం పోయే వార్కరీలు మన జిల్లాలో ఎన్ని ఊళ్లలో ఉన్నారో మీకు తెలుసు. కరాడ్‌లో ఉండే కోడలు సక్కు. పండరిపురం పోతానంటే అత్త స్తంభానికి కట్టేస్తుంది. పాండురంగడే సక్కు రూపంలో వచ్చి ఆ కట్లలో నిలబడి, ఆమెను యాత్రకు పంపిస్తాడు. ఆమె తిరిగి వచ్చేదాకా ఆ ఇంట్లో నీళ్లు తోడేదీ, పిండి విసిరేదీ, వంట చేసేదీ దేవుడే. భక్తి సంగతి పెద్దలు చెప్పాలి. నాకు మాత్రం ఈ కథలో ఒక లెక్క కనిపిస్తుంది. ఒక ఆడమనిషి గడప దాటి తనకు నచ్చిన పనికి పోవాలంటే, ఆమె చేసే పని ఇంకొకరు నెత్తిన వేసుకోవాలి. కథలో దేవుడు వేసుకున్నాడు. కోటిరత్నం గారి సమాజంలో అట్లాంటి దేవుడు ఎవరూ రాలేదు. స్టేజీ మీది పని, స్టేజీ వెనుక పని, రెండూ ఆవిడే చూసుకున్నారు.

తర్వాత కాలంలో ఆవిడ సినిమాల్లో చాలా పాత్రలు వేశారు. 1939లో సి. పుల్లయ్య గారు తీసిన వరవిక్రయంలో కూడా ఉన్నారు. భానుమతి గారికి అది తొలి సినిమా. అంటే తొలి మహిళా నిర్మాత, ముందు ముందు స్టూడియో యజమాని, దర్శకురాలు కాబోయే అమ్మాయి, ఇద్దరూ ఒకే సినిమాలో ఉన్నారన్నమాట. 1972లో కోటిరత్నం గారు కన్నుమూశారు.

కలకత్తా అన్నాను కాబట్టి అక్కడి స్టేజీ సంగతి ఒకటి చెప్పి ముందుకు పోతాను. బినోదిని దాసి అనే గొప్ప నటి ఉండేది. 1883లో అక్కడ కొత్త థియేటర్ కట్టాలనుకున్నారు. డబ్బు పెడతానన్న ధనవంతుడు, బినోదిని తన దగ్గర ఉండాలని షరతు పెట్టాడు. తోటి నటులు ఆమెను బతిమాలి ఒప్పించారు. థియేటర్‌కు నీ పేరే పెడతామన్నారు. తీరా రిజిస్ట్రేషన్ అయినాక చూస్తే పేరు స్టార్ థియేటర్. ఆమె పేరు పెడితే మర్యాదస్తులు రారని భయపడ్డారు. పాతికేళ్లు నిండకముందే ఆమె స్టేజీ వదిలేసింది. ఈ సంగతంతా ఆమే తన ఆత్మకథలో రాసుకుంది. 2024 డిసెంబరులో కలకత్తాలోని ఇప్పటి స్టార్ థియేటర్‌కు బినోదిని పేరు పెడుతున్నట్టు అక్కడి ముఖ్యమంత్రి ప్రకటించారు. ఇచ్చిన మాట నిలబడటానికి 141 సంవత్సరాలు పట్టింది. బినోదిని దగ్గర ప్రతిభ ఉంది, ఆమె వల్ల డబ్బు వచ్చింది, కాగితం మీద మాత్రం ఆమె లేదు. కోటిరత్నం గారు కాగితం మీద కూడా ఉన్నారు. ఇద్దరికీ తేడా అదే.

ఇదంతా కోస్తా సంగతి, కలకత్తా సంగతి, మనకేమిటి అని ఎవరైనా అడగొచ్చు. మన గోదావరి పక్కన, బోధన్ దగ్గర అమ్దాపూర్‌లో చిందుల ఎల్లమ్మ గారు ఉండేవారు. చిందు భాగవతం ఆడే కుటుంబం. సురభిలో లాగానే చిందు మేళాల్లో కూడా ఆడవాళ్లు, మగవాళ్లు కలిసి ఆడతారు. మన పెద్ద పెద్ద పట్టణాల్లో ఆడవాళ్లు స్టేజీ ఎక్కడం తప్పని వాదిస్తున్న రోజుల్లో, మన వాడల్లో చిందు స్త్రీలు కిరీటం పెట్టుకొని తెల్లవారేదాకా ఆడుతున్నారు. వాళ్ల కిరీటాలు, భుజకీర్తులు పొణికి కర్రతో చేస్తారు. మన నిర్మల్ బొమ్మలు చేసేది కూడా ఆ కర్రతోనే. తేలికగా ఉంటుంది, రాత్రంతా మోసినా మెడ నొప్పి పుట్టదు.

చిందు మేళానికి టికెట్టు లేదు. ఏ కుటుంబానికి ఏ ఊళ్లు అన్న హక్కు తరాలుగా పంచుకొని ఉంటుంది. మాదిగవాడ పెద్దలను అడిగి ఆట కడతారు, జాంబ పురాణం చెప్తారు, యక్షగానాలు ఆడతారు. ఆట అయినాక ఇంటింటికీ పోయి గింజలు తెచ్చుకుంటారు. రాత్రి మహారాణి, పొద్దున జోలె పట్టుకున్న మనిషి. చంకలో బిడ్డ ఉంటుంది, సాయంత్రానికి మళ్లీ ముఖానికి రంగు వేసుకోవాలి. ఇంత చేసినవాళ్లను ఊరు దూరంగానే పెట్టింది. "చిందులు వేయకు" అని పిల్లలను తిట్టేటప్పుడు మనం ఎవరి కళను తిట్టుగా వాడుతున్నామో ఆలోచించం. ఎల్లమ్మ గారికి 1999లో ప్రభుత్వం హంస పురస్కారం ఇచ్చింది. 2005లో ఆవిడ పోయారు. 2024లో జనగామ జిల్లా చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్య గారికి పద్మశ్రీ వచ్చినప్పుడు, ఈ కళకు ఇన్నాళ్లకు గౌరవం దక్కిందని అందరం సంతోషపడ్డాం. ఆ గౌరవానికి దారి వేసినవాళ్లలో ఎల్లమ్మ గారు ముందు వరసలో ఉన్నారు.

ఇప్పుడు మన బడి సంగతి. మా కాలంలో వార్షికోత్సవానికి నాటకం తప్పకుండా ఉండేది. వేషాలన్నీ అబ్బాయిలవే. అమ్మాయిలను స్టేజీ ఎక్కనివ్వమని ఏ సారూ అనలేదు, ఏ టీచరమ్మా అనలేదు. ఊళ్లో ఏమంటారో అని ఇళ్లల్లోనే పంపేవాళ్లు కాదు. మా తరగతిలో ఒక అమ్మాయికి నాటకం మొత్తం నోటికి వచ్చు. మేం మాట మరిచిపోతే తెర వెనుక నుంచి అందించేది. చీరలు, నగలు ఇళ్లల్లో అడిగి తెచ్చేది, ఎవరివి వాళ్లకు లెక్కగా తిరిగి ఇచ్చేది. చందా డబ్బుల లెక్క కూడా ఆమే రాసింది. నిర్వాహకురాలు అంటే ఇంకేం ఉంటుంది? కరపత్రంలో మాత్రం ఆమె పేరు లేదు. ఆమె ఇప్పుడు ఈ సభలోనే కూర్చొని ఉన్నది. మొన్న ఫోన్ చేసి "నీ గురించి చెప్తా" అంటే, "పేరు చెప్పకు, నవ్వుతరు" అన్నది. సరే అన్నా. ఇరవై ఏళ్లుగా తన ఊరి మహిళా సంఘం లెక్కలు ఆమె చేతిలోనే ఉన్నాయి, ఒక్క రూపాయి తేడా రాలేదు. ఆ మాట వరకు చెప్పడానికి ఒప్పుకున్నది.

ఈనాడు మన బడి పిల్లలు స్టేజీ ఎక్కుతున్నారు, అమ్మాయిలే ఎక్కువ. సంతోషం. కానీ ఏం చేస్తున్నారు? స్పీకర్లో పాట పెడితే మూడు నిమిషాలు డాన్సు చేసి దిగుతున్నారు. పాట ఎవరో ఎంచుతారు, డ్రెస్సులు ఎవరో అద్దెకు తెస్తారు, ఖర్చు ఎవరో పెడతారు. పిల్లల చేతిలో ఏ నిర్ణయమూ లేదు. వేషం ఇచ్చాం, తాళంచెవి మన దగ్గరే పెట్టుకున్నాం.

అందుకని సంఘం ముందు నాలుగు మాటలు పెడుతున్నాను.

మొదటిది, కట్టడం గురించి. ముప్పై అడుగుల వెడల్పు, ఇరవై నాలుగు అడుగుల లోతు స్టేజీకి అంచనా వేశాను. దానికి రెండు వైపులా రెండు గ్రీన్ రూములు, లోపల గొళ్లెం ఉన్న తలుపులు, ఆనుకొని నీళ్లున్న టాయిలెట్లు కలిపాను. ఖర్చు పెరిగిందని కొందరు మిత్రులు అన్నారు. బట్టలు మార్చుకోవడానికి చోటు లేని స్టేజీ అమ్మాయిలది కాదు. కావాలంటే ముందు గోడ మీద టైల్స్ తీసేద్దాం, గొళ్లెం మాత్రం తీయొద్దు.

రెండోది, ఏటా ఒక పూర్తి నాటకం. గంట సేపైనా చాలు. దాని బడ్జెట్టు సంఘం ఇస్తుంది. ఆ డబ్బు తొమ్మిదో తరగతి పిల్లల కమిటీ పేరు మీద ఉండాలి, అందులో సగం మంది అమ్మాయిలు ఉండాలి. టీచరు సంతకం తోడు ఉంటుంది. ఏ నాటకం, ఏ వేషం ఎవరికి, దేనికి ఎంత ఖర్చు అన్నది వాళ్లే తేల్చుకోవాలి. లెక్క సభలో చదవాలి. వంద రూపాయలు తగ్గితే ఎట్లా సర్దుకోవాలో నేర్చుకున్న పిల్ల రేపు ఏ పనిలోనైనా నిలబడుతుంది.

మూడోది, పేరు. స్టేజీ నుదుటి మీద దాతల పేర్లు వద్దని నా మనవి. దాతల్లో నేనూ ఒకణ్ని కాబట్టి ఈ మాట అడిగే హక్కు నాకు ఉందనుకుంటాను. పక్క గోడకు ఒక బోర్డు పెడదాం. ఏటా ఆడిన నాటకం పేరు, దాని కింద అందరి పేర్లు రాద్దాం. హీరో పేరు ఎంత పెద్ద అక్షరాల్లో ఉంటే, తెర లాగినవాళ్ల పేరు, మాట అందించినవాళ్ల పేరు, లెక్క రాసినవాళ్ల పేరు కూడా అంతే అక్షరాల్లో ఉండాలి.

నాలుగోది, ఆ స్టేజీ మీద తొలి ఆట చిందు మేళం చేత ఆడిద్దాం. ఇనాం ఇచ్చినట్టు కాకుండా, ముందే మాట్లాడుకొని, బయానా ఇచ్చి, మిగతాది ఆటకు ముందే చేతిలో పెడదాం. మనతో పాటే పంక్తిలో కూర్చోబెట్టి భోజనం పెడదాం. మేళాన్ని నడిపే ఆమెను మన తొమ్మిదో తరగతి పిల్లలతో ఒక గంట మాట్లాడిద్దాం. సమాజం నడపడం ఎట్లాగో ఆమెకన్నా బాగా చెప్పేవాళ్లు మన చుట్టుపక్కల ఎవరూ లేరు.

ఈ నాలుగింటిలో ఏది ఒప్పుకోవాలో సర్వసభ్య సమావేశం తేల్చాలి. నా అంచనా పత్రం కార్యదర్శి గారి దగ్గర ఉంది. ఎవరైనా చూడొచ్చు, తప్పులుంటే దిద్దొచ్చు.